పొక్కు మానినా అడుగేస్తే నొప్పి ఎందుకు? ముందు నొప్పి ఎక్కడుందో చూడండి

అరికాలి పొక్కు మాని రెండు వారాలైనా, కొత్త తోలు వచ్చేసినా నడిస్తే నొప్పి ఎందుకు పోవట్లేదని అడిగారు. నాకూ ఇలాగే అయిందండి. భవానీ దీక్ష విరమణకి గుంటూరు నుంచి బెజవాడ ఇంద్రకీలాద్రి దాకా నడిచాను. దాదాపు 35 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. మంగళగిరి దాటేసరికే కుడి బొటనవేలి కింద పెద్ద నీటిపొక్కు లేచింది. ప్రకాశం బ్యారేజీ మీదికొచ్చేటప్పటికి పాదం పక్కకి ఒరిగించి నడుస్తున్నాను.

పొక్కు మానింది. నొప్పి మాత్రం పాదం బయటి అంచులో, మడమలో ఉండిపోయింది. పొద్దున్నే మంచం దిగితే గోడ పట్టుకోవాల్సిందే. ఫిజియోథెరపిస్ట్ తడి కాళ్లతో గచ్చు మీద నడవమన్నారు. ఎడమ కాలి ముద్ర నిండుగా పడింది. కుడి ముద్రలో బొటనవేలి కింద చోటు సగం ఖాళీ! పుండు లేకపోయినా కాలు ఇంకా దాన్ని కాచుకుంటూనే ఉంది. ఆ బరువంతా బయటి అంచు మోసింది, పిక్క బిగిసింది, మడమ నుంచి వేళ్ల దాకా ఉండే ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ వాచింది.

అందుకే ముందు చేతి బొటనవేలితో అరికాలంతా నొక్కి చూసుకోండి. సరిగ్గా పాత పొక్కు చోటే నొప్పి ఉంటే కొత్త చర్మం ఇంకా పలచగా ఉండొచ్చు, లేదా అక్కడ కాయ కాస్తుండొచ్చు. మెత్తటి సాక్సు, కొంచెం వెడల్పు బూట్లు వాడితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఒక్క బిందువు దగ్గరే గుచ్చినట్టుంటే ముల్లో, గాజు పెంకో లోపల ఉండిపోయిందేమో డాక్టర్‌కి చూపించండి, ఇంట్లో సూదితో కెలకొద్దు.

నొప్పి వేరే చోట ఉంటే అది నడక తెచ్చినది కావచ్చు. గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగండి. పిక్క సాగుతుంది. అరనిమిషం ఉంచి రెండు మూడు సార్లు, రోజూ చేయండి. ఐసు కట్టిన నీళ్ల సీసాని గుడ్డ చుట్టి అరికాలి కింద దొర్లిస్తే హాయిగా ఉంటుంది. నాకు అన్నిటికంటే పనిచేసింది ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోవడం. మన ఇళ్లలో గ్రానైట్ మీద ఉత్త కాళ్లతో తిరుగుతాం కదా, మడమకి అదే పెద్ద దెబ్బ. దూరం నడకలు మెల్లగా పెంచండి.

పాదం పైన వాచి, ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే సన్నటి పగులు ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, కాబట్టి తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. ఎరుపు పాకుతున్నా, చీము, జ్వరం ఉన్నా ఆలస్యం చేయొద్దు. షుగర్ ఉంటే మాత్రం ఈ చిట్కాలేవీ వద్దు. వేడినీళ్లలో కాలు పెట్టడం, కార్న్ క్యాప్ (ఆనెకాయలకి వేసే మందు పట్టీ) అంటించడం అసలే వద్దు, స్పర్శ తగ్గిన పాదానికి కాలినా తెలియదు. ఈరోజే డాక్టర్‌కి చూపించండి.