కొట్లాట సరే, కడుపెట్ల నిండాలె?

"మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నా బిడ్డ పన్నెండో తరగతి ఆర్ట్స్ చదువుతున్నది. డీఎడ్ చేసి టీచర్ కమ్మంటే వినదు. ఆడోళ్ల గురించి రాస్తా, వాళ్ల కోసం కొట్లాడుతా అంటది. తెలుగు మాట్లాడుతది గాని రాయరాదు. కొట్లాట సరే, కడుపెట్ల నిండాలె?" – ఒక తల్లి

అమ్మా, స్త్రీవాద రచయిత్రి అనే పేరుతో నెల జీతమిచ్చే ఉద్యోగం లేదు. కథకో వ్యాసానికో వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. ఈ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి. ఆ దారిలో నడిచినవాళ్లు చాలామంది ఏదో ఒక కొలువు చేస్తూనే రాశారు. స్త్రీవాద రచయిత్రి ఓల్గా తెనాలిలో కాలేజీ లెక్చరర్‌గా తెలుగు చెప్పారు, తర్వాత సినిమా సంస్థలో స్క్రిప్టుల పని చూశారు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. అందుకని ఆడవాళ్ల కష్టం రోజూ చెవిన పడే కొలువు ఏదో మనం వెతుకుదాం.

నా మనసు లా వైపు మొగ్గుతోంది. కారణం మీ జిల్లాలోనే ఉంది. 1972లో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం చేశారని ఇద్దరు పోలీసుల మీద కేసు నడిచింది. ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఎదిరించలేదంటూ 1978లో సుప్రీంకోర్టు వాళ్లను వదిలేసింది. మరుసటి ఏడాది నలుగురు లా అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. భయంతో లొంగిపోవడమూ ఇష్టపడి ఒప్పుకోవడమూ ఒకటెలా అవుతాయని అందులో నిలదీశారు. ఆ తర్వాత ఊరూరా ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసుల అదుపులో జరిగిన అత్యాచారం కేసుల్లో, సంభోగం జరిగిందని రుజువయ్యాక, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే కోర్టు ఆ మాటే నిజమని మొదలుపెట్టాలి. బాధితురాలి పేరు అచ్చువేయడం నేరమైంది కూడా ఆ సవరణతోనే. ఆమె పేరు లోకమంతటికీ తెలుసు, అయినా నేనిక్కడ రాయను. మీ అమ్మాయి కలం పట్టిన రోజునుంచీ ఈ జాగ్రత్త పాటించాలి.

నాలుగు సంతకాల ఉత్తరానికి అంత బలం ఎక్కడిదంటే, రాసినవాళ్లకు చట్టం తెలుసు, తీర్పును అక్షరమక్షరం చదివారు. కోపం మీ అమ్మాయికి ఇప్పటికే ఉంది, ఆ చదువు మనం చేర్చాలి.

పన్నెండు కాగానే మహారాష్ట్ర లా ప్రవేశ పరీక్ష (సీఈటీ) రాసి ఐదేళ్ల లా చేయొచ్చు. ఖర్చు భారమైతే గడ్చిరోలి గోండ్వానా విశ్వవిద్యాలయం కింద దగ్గరలో ఉన్న కాలేజీలో బీఏ చేసి, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. మీకు నేను రెండోదే చెబుతాను. లాయరుగా మొదటి కొన్నేళ్లు సంపాదన పలచగానే ఉంటుంది, దానికి సిద్ధపడండి. లా నచ్చకపోతే సోషల్ వర్క్ ఉంది. మహారాష్ట్రలోనే తుల్జాపూర్‌లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) క్యాంపస్ ఉంది. ఆ చదువుతో, హింసకు గురైన ఆడవాళ్లను ఆదుకునే సఖి కేంద్రాల్లో కౌన్సెలర్, కేస్ వర్కర్ పనులు దొరుకుతాయి గాని, ఎక్కువగా కాంట్రాక్టువే.

కొట్లాట అనగానే మీ దిక్కున తల్లి గుండె ఎందుకు దడదడలాడుతుందో నాకు తెలుసు. నేను చెప్పే కొట్లాట చట్టంతో చేసేది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ సంగతి తెలియక ఎంతమంది కోర్టు గడప తొక్కలేదో! పద్దెనిమిది నిండాక తాలూకా న్యాయసేవల కమిటీలో పారాలీగల్ వాలంటీరుగా (న్యాయసాయం అందేలా చూసే కార్యకర్తగా) చేరి, ఆ ఆడవాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టమనండి. అదీ కొట్లాటే.

రాయడానికి వస్తువు కోసం దూరం పోనక్కర్లేదు. మిర్చి ఏరడానికి తెలంగాణకు పోయే ఆడకూలీలున్నారు, తునికాకు కట్టలు కట్టే చేతులున్నాయి. సాత్‌బారా (భూమి హక్కుల కాగితం) మీద ఎవరి పేరుందో పది ఇళ్లలో అడిగి, వాళ్ల ఒప్పుకోలుతో రాసుకోమనండి.

బడిలో మరాఠీ అన్నది మీరు లోటులా రాశారు. నాకది ఆస్తిలా కనబడుతోంది. 1882లో బుల్‌ఢాణా తారాబాయి శిందే మరాఠీలో రాసిన 'స్త్రీపురుష తులనా' (ఆడామగా పోలిక) మీ అమ్మాయి అనువాదం లేకుండా చదవగలదు. తెలుగులో ఆ భాగ్యం ఎందరికుంది? దాన్ని తెలుగువాళ్లకు చెప్పాలంటే మాత్రం తెలుగు రాయడం రావాలి.

మీ ఉత్తరం తెలుగులోనే ఉంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మీరే నేర్పండమ్మా. రోజుకు అరగంట చాలు. దసరా సెలవుల్లో మొదలుపెడితే సంక్రాంతికల్లా కూడబలుక్కుని చదువుతుంది, ఉగాదికి మీకే ఒక ఉత్తరం రాస్తుంది.