వాన పడితే మా ఆయన తలుపు దగ్గరే కూర్చుంటారు

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డు పల్లె. 2021 మే నెలలో మా మామ కరోనాతో పోయారు, కడసారి ముఖం కూడా చూడనివ్వలేదు. అదే నవంబరులో అన్నమయ్య డ్యాం తెగి ఇల్లు, గొడ్లు పోయాయి, పొలమంతా ఇసుక మేట వేసింది. ఇప్పుడు కడపలో అద్దెకుంటున్నాం. మా ఆయనకు 46 ఏళ్లు. వాన పడితే రాత్రంతా తలుపు దగ్గరే కూర్చుంటారు. ఊరికి రమ్మంటే రారు. కార్తీకం వచ్చిందంటే మరీ ఎక్కువ, పిల్లల మీద అరుస్తారు. తాగుడు కూడా మొదలైంది. ‘నాయనతో పాటే నేనూ పోయుంటే బాగుండు’ అంటున్నారు. మా అత్త తాయెత్తు కట్టించింది, వీధిలో ఆర్‌ఎంపీ నిద్రబిళ్లలు ఇచ్చాడు. నాకేం లేదు, అప్పుడప్పుడు గుండె దడ, అంతే. ఏం చేయమంటారు?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు ఆ ఒక్క మాట గురించి. ‘నేనూ పోయుంటే బాగుండు’ అన్నాడంటే ఏదో బాధలో అన్నాడులే అని వదిలేయకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు, అడిగితే మనిషికి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బా, మిగిలిన నిద్రబిళ్లలు ఉంటే ఆయనకు అందకుండా తీసేయండి. 14416 టెలీ మానస్ నంబరు, అంటే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం. ఏ వేళ చేసినా, తెలుగులోనే, పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారు.

ఇక జబ్బు సంగతి. మీ ఆయనకు గాలీ సోకలేదు, గుండె ధైర్యమూ తక్కువ కాదు. ప్రాణం మీదికి వచ్చిన రోజున మెదడు ఆ చప్పుడునీ వాసననీ చీకటినీ ప్రమాదం గుర్తుగా పట్టేసుకుంటుంది, తర్వాత ఎక్కడ వాన చప్పుడు విన్నా ఏరు మళ్లీ వచ్చేస్తోందన్నట్టు ఒళ్లంతా లేచి నిలబడుతుంది. కడపలో మీ అద్దె ఇంటికి చెయ్యేరు రాదని ఆయన బుర్రకు తెలుసు, ఒంటికి తెలియదు. డ్యాం తెగింది నవంబరు 19న, కార్తీక పౌర్ణమి వేళ. అందుకే దీపాలు పెట్టే రోజులు దగ్గర పడేకొద్దీ ఆయనకు ఎక్కువవుతోంది. ఇలాంటి భయం, ఉలికిపాటు, ఆ చోటికి పోకుండా తప్పించుకోవడం, చిన్నదానికీ కోపం నెల దాటి ఉండి, రోజువారీ బతుకును చెడగొడుతుంటే పీటీఎస్‌డీ, అంటే పెద్ద ప్రమాదం చూసినవాళ్ల మనసులో మిగిలిపోయే జబ్బు, అని అనుమానిస్తాం. చూడకుండా నేను పేరు ఖాయం చేయను, కానీ మీరు రాసింది దానికి చాలా దగ్గరగా ఉంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది కదా, ఆ నీళ్లు చూసినవాళ్లలో ఇప్పటికీ గట్టి వాన పడితే సామాన్లు మంచం మీదికి ఎక్కించేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఇన్నేళ్లయ్యాక ఏం నయమవుతుందిలే అని వాళ్లూ అనుకుంటారు. అవుతుందమ్మా. విపత్తు చూసిన వాళ్లలో చాలామందికి నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు, వాళ్లకు వైద్యం కావాలి, ఆలస్యమైనా పనిచేస్తుంది.

మీ ఆయన విషయంలో రెండు దెబ్బలు ఒకే ఏడాదిలో పడ్డాయి. తండ్రికి చేయాల్సినవి చేయలేకపోయిన కొడుకు మనసులో దుఃఖం ఎక్కడికీ పోదు. కరోనా మొదటి ఏడాదిలోనే లోకంలో ఆందోళన, డిప్రెషన్ సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ దుఃఖం దిగకముందే మీకు ఏరు వచ్చింది. మామగారి ఏడూడు మీ పద్ధతిలో మీ ఆయన చేతులతో జరిపించండి, ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఊరుకో, మగాడివి’ అని మాత్రం ఎవరూ అనొద్దు. అప్పుడేం జరిగిందో చెప్పు అని బలవంతపెట్టొద్దు కూడా. చెప్పినప్పుడు వినండి, చాలు.

ఆ నిద్రబిళ్లలు చూస్తే నాకు భయంగా ఉంది. ఈ జబ్బుకు అవి మందు కాదు, అలవాటు పడతాయి, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం. కానీ రోజూ వేసుకుంటున్నా, రోజూ తాగుతున్నా ఒక్కసారిగా ఆపించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. అసలు వైద్యం అంటే, భయపడే జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా, భద్రంగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్, అవసరమైతే దిగులు, భయం తగ్గించే సెర్ట్రలిన్ లాంటి మందులు. అవి పనిచేయడానికి నాలుగైదు వారాలు పడుతుంది, పది రోజులకే మానేసి ‘పనిచేయలేదు’ అనుకోవద్దు. కడప రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. పిచ్చాసుపత్రి అనుకుని రానంటే ‘నిద్ర కోసం చూపించుకుందాం రా’ అనండి, అది అబద్ధం కాదు కదా. తాయెత్తు ఉంటే ఉండనీయండి, దాని మీద అత్తగారితో గొడవ వద్దు.

మరి మీరు. ఆయన గురించి అంత రాసి, మీ గురించి ‘నాకేం లేదు’ అన్నారు. ఆ మామ మీ మామే, ఆ ఏరు మీ ఇంటి మీదికే వచ్చింది, ఆ పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తింది మీరూ కదమ్మా. ఆ గుండె దడ ఎన్నేళ్లుగా ఉందో, నిద్ర ఎలా పడుతోందో ఓ కాగితం మీద రాసుకుని, రిమ్స్‌లో ఆయన చీటీతో పాటు మీ పేరుతోనూ ఓ చీటీ రాయించండి.