చూడటానికి వెళ్తున్నారా, తీసుకురావడానికా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఏడాదిన్నర ఉద్యోగం చేసింది. అది మానేసి ఉగాండాలోని గులులో తాగునీటి పనులు చేసే ఓ స్వచ్ఛంద సంస్థలో వాలంటీరుగా చేరింది. ఏడాది ఒప్పందం, వచ్చే ఆగస్టుతో అయిపోతుంది. నెలనెలా ఖర్చులకు సరిపడా ఇస్తారంతే. డిసెంబర్‌లో నేనూ నా భార్యా వెళ్తున్నాం. రెజ్యూమెలో ఏడాది ఖాళీ పడుతుందని, ఎమ్మెస్‌కు పోతే నయమని, వచ్చేటప్పుడు వెంట తీసుకొచ్చేయమని చుట్టాలంటున్నారు. సంబంధాలూ వస్తున్నాయి. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: అసలు సంగతి మీ ఉత్తరం చివర్లో, సంబంధాల మాటలో ఉంది. రెజ్యూమె దానికి ముందు కట్టిన తెర. అప్పు చేసి అమెరికాలో చదువుతున్న కొడుకును చూడటానికి వెళ్లేవాళ్లెవరూ 'వెంట తీసుకురావాలా' అని అడగరు. ఉగాండా అనేసరికే అడుగుతారు. ఏడాదిన్నర జీతం తెచ్చుకుని, ఒప్పందం చదివి సంతకం పెట్టిన మనిషి ఆమె. బస్టాండ్‌లో తప్పిపోయిన పిల్ల కాదు. పెళ్లి మాట ఆగస్టు తర్వాత కూడా మాట్లాడుకోవచ్చు. ఆగలేని సంబంధం పోతే పోనివ్వండి.

మీరు అక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆమె చేస్తున్నది పనేనా? అందుకు ఒక రోజు ఆమెతో పాటు పల్లెకు పోయి పక్కన నిలబడండి. అక్కడి యూ2 చేతిపంపు మీకు కొత్తేం కాదు, మన ఊళ్లలోని బోరింగే. మన ఇండియా మార్క్ 2 పంపును చూసి చేసుకున్నది. దాన్ని పరీక్షించే పద్ధతి ఉంది. నీళ్లు బాగా వచ్చేదాకా కొట్టి, అరగంట ఎవరినీ ముట్టనివ్వరు. మళ్లీ కొడితే ఐదు దెబ్బల్లోపు నీళ్లు పడాలి. అంతకు మించితే లోపలి పైపు కారుతోందనో, అడుగు వాల్వు పట్టడం లేదనో లెక్క. తర్వాత నిమిషంలో నలభై దెబ్బలు కొట్టి బకెట్లో కొలుస్తారు. పది లీటర్లకు తగ్గితే సిలిండర్‌లో వాషర్లు అరిగాయేమో చూడాలి. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువున్న చోట జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులను తుప్పు తినేస్తుంది. నీళ్లు ఎర్రగా, చిలుము వాసనతో వస్తాయి. జనం పంపును వదిలేసి మళ్లీ గుంట నీళ్లకే పోతారు. పైపులు మార్చాలంటే డబ్బెవరిది, ఊరి కమిటీ ఇంటికి ఎంత వసూలు చేయాలి, ఎవరు లెక్క రాయాలి అన్నది ఇంకో తలనొప్పి.

ఈ కొలతలు రాసే రిజిస్టరు మీ అమ్మాయి చేతిలో ఉంటే నిశ్చింతగా ఉండండి, అది ఖాళీ కాదు, అనుభవం. చేతిలో ఫోను మాత్రమే ఉండి, పిల్లలతో ఫొటోలు దిగడమే పనైతే మీ బెంగలో న్యాయముంది.

ఇలా అనడానికి కారణముంది. 'ప్రొఫైల్ బాగుంటుంది' అని ఎమ్మెస్‌కు ముందు రెండు వారాలో నెలో విదేశీ వాలంటీరింగ్ చేయించడం ఇప్పుడు ఫ్యాషనైంది. దానికి కన్సల్టెన్సీలు ఫీజు గుంజుతున్నాయి. ఆ దారి మీద నాకు నమ్మకం లేదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1971 నుంచీ నడుస్తోంది, అక్కడ అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోరు, వాళ్లే నెలకు జీవనభృతి ఇస్తారు. పని చేసే మనిషే ఎదురు డబ్బు కట్టాలంటే అమ్ముతున్నది పని కాదు, టూరు. అనాథాశ్రమాల పేరుతో నడిచేవి మరీ దారుణం. అలాంటి చాలా చోట్ల పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉంటారు. వాలంటీర్లూ విరాళాలూ వస్తాయని పిల్లల్ని ఇంటి నుంచి తెచ్చి అక్కడ పెడతారు. అడ్మిషన్ కమిటీలు ఈ నెల రోజుల కథలు చాలానే చదివుంటాయి. మీ అమ్మాయిది ఆ బాపతు కాదని మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే తెలుస్తోంది.

రెండు కాగితాలు మాత్రం అడిగి చూడండి. ఒకటి, పని అనుమతి. జీతం లేకపోయినా టూరిస్టు వీసా మీద వాలంటీరు పని కుదరదు. అదే జరుగుతుంటే సంస్థ వాళ్లతో ఆ రోజే మాట్లాడండి, సరిచేయకపోతే తీసుకొచ్చేయమనే నేనూ అంటాను. రెండోది, చివర్లో ఇచ్చే అనుభవ పత్రం నమూనా. హోదా, తేదీలు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని పంపులు చూసింది, పైఅధికారి సంతకం, మెయిల్ ఉండాలి. 'చక్కగా సేవ చేసింది' అని రాసిస్తే ఎందుకూ కొరగాదు. మధ్యలో లాక్కొస్తే ఆ పత్రమూ చేతికి రాదు. మీరు భయపడే ఖాళీని మీరే తయారుచేసినట్టవుతుంది.

ఎమ్మెస్సా ఇదా అన్నారు. రెండింటికీ పోటీ లేదు. వచ్చే ఏడాది ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో మొదలయ్యే కోర్సులకు చాలా యూనివర్సిటీల గడువులు డిసెంబర్, జనవరిల్లోనే ఉంటాయి. గులు నుంచే దరఖాస్తు చేయొచ్చు. జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లు చెల్లుతుంది. నీటి వనరులు, ప్రజారోగ్య ఇంజినీరింగ్ వైపు పోతే ఈ అనుభవం నేరుగా పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు పోతే పెద్దగా పనికిరాదు, అది ఉన్న మాట. ఏ వైపన్నది ఆమెను అడగండి, చుట్టాలను కాదు.

ఇక ప్రయాణం. పసుపు జ్వరం టీకా లేకుండా ఉగాండా ఈ-వీసాకు దరఖాస్తే పూర్తికాదు, ఆ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది. కాబట్టి నవంబర్ మొదట్లోనే హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంకు (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వెళ్లండి, ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ ఆ కార్డు చూపాలి. లేదంటే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఒకసారి ప్రవేశానికి వీసా ఫీజు 50 డాలర్లు. మీ ఆవిడ పదో తరగతి పాసవలేదని, పాస్‌పోర్టు ఈసీఆర్ (విదేశాలకు పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సినది) అని ఏజెంటు భయపెడితే నమ్మొద్దు. ఆ నిబంధన కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోయేవాళ్లకు, చూడటానికి పోయేవాళ్లకు కాదు.

విమానాశ్రయమున్న ఎంటెబ్బేలో దిగిన రోజే గులుకు బయల్దేరొద్దు. రాజధాని కంపాలా నుంచి దాదాపు 330 కిలోమీటర్లు, ఐదారు గంటలు. రాత్రి కంపాలాలో పడుకుని పొద్దున్నే బస్సెక్కండి, కరుమ దగ్గర నైలు నదిని వెలుతుర్లో చూస్తారు. డాలర్లు కొత్త వంద నోట్లే తీసుకెళ్లండి. పాత, మడత పడ్డ నోట్లను మార్చరు, చిన్న నోట్లకు రేటు తక్కువ. బోడాబోడా అనే బైకు ట్యాక్సీలు ఎక్కకండి. పప్పు, బియ్యం, కారం కంపాలాలో ఇండియా దుకాణాల్లో దొరుకుతాయి, అయిదు కిలోల మామిడికాయ తొక్కు మోయకండి. సకినాలు మాత్రం స్టీలు డబ్బాలో గట్టిగా సర్ది చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో వేస్తే పొడే మిగులుతుంది.

గులులో మలేరియా ఎక్కువ. ముందు జాగ్రత్త మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి. ఏ మందు, ఎన్నాళ్లు అన్నది మీ డాక్టరు చెప్తారు. ఇంటికొచ్చాక ఎప్పుడు జ్వరమొచ్చినా పారాసిటమాల్ మింగి పడుకోకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో మీ డాక్టరు దగ్గరకో ఆ రోజే పోయి, ఉగాండా వెళ్లొచ్చామని చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి.