పదిమందిలో ఉన్నట్టుండి ప్రశ్న అడిగితే తడబడకుండా మాట్లాడటం ఎలా?

కొత్తగా ఉద్యోగంలో చేరానని, విషయం తెలిసి కూడా మీటింగులో ఎవరైనా హఠాత్తుగా అడిగితే నోరు పెగలడం లేదని రాశారు. నేను గోదావరి డెల్టాలో ఒక ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిని. గ్రామసభలో, పొలం గట్టు మీద, పైఅధికారుల సమీక్షలో, ఎక్కడ ఎవరు ఏం అడుగుతారో ముందుగా తెలియని ఉద్యోగం. నాకు పనికొచ్చిన పద్ధతులు చెబుతాను.

అడగ్గానే జవాబు వచ్చేయాలని మనకు మనమే పెట్టుకున్న నియమంతోనే సగం టెన్షన్ పుడుతుంది. చాలా ప్రశ్నలకు అలా వెంటనే చెప్పకూడదు కూడా. "మేడం, వరి పసుపెక్కిపోతోంది, ఏం కొట్టమంటారు?" అని సభలో ఒక రైతు లేచి అడుగుతాడు. అందరూ నా వైపే చూస్తారు. నేను మందు పేరు చెప్పను. "ముదురాకులా బాబాయ్, లేతాకులా?" అని అడుగుతాను. నత్రజని చాలకపోతే మొక్క దాన్ని ముదురాకుల్లోంచి లాగి కొత్త చిగురుకి పంపుతుంది, అందుకని కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము అలా కదలదు, దాని లోపం లేతాకుల్లో కనిపిస్తుంది. నాట్లేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొస్తే జింకు లోపమేమో చూడాలి. అదే అయితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి, వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయమంటాం. ఇన్ని దారులున్న ప్రశ్నకు ఒక్క ముక్కలో ఏం చెబుతాం? తిరిగి అడిగితే నాకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, రైతుకు సరైన సలహా దొరుకుతుంది. పక్కనున్నవాళ్లు "మాదీ కింది ఆకులేనండీ" అంటూ మాటలో కలుస్తారు. అప్పటికి భయం దానంతటదే తగ్గుతుంది.

అష్టావధానం ఎప్పుడైనా చూశారా? అప్పటికప్పుడు మాట్లాడటంలో వాళ్లను మించినవాళ్లు లేరు కదా. సమస్య, అంటే పద్యంగా పూరించమని ఒక పాదం, ఇవ్వగానే అవధాని పద్యమంతా చెప్పేయరు. ఒక్కో ఆవృత్తికి, అంటే అడిగేవాళ్లందరినీ ఒకసారి చుట్టి వచ్చేసరికి, ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పూర్తి చేస్తారు. ఇచ్చిన సమస్యను ముందు ఒకసారి పైకి అనుకోవడం కూడా నేను గమనించాను. ఆ పద్ధతి మీరూ పెట్టుకోండి. అడిగిన ప్రశ్నను మీ మాటల్లో ఒకసారి పైకి చెప్పి, తర్వాత మొదలుపెట్టండి.

మీ దగ్గరికి తరచూ వచ్చే ప్రశ్నలు రాసుకుని, ఒక్కోదానికి తిరిగి ఏం అడగాలో పక్కన రాసుకోండి. జవాబులు మాత్రం బట్టీ పట్టకండి, ఒక్క మాట మరిచిపోతే మొత్తం పోతుంది.

సమీక్షా సమావేశం వేరు. అక్కడ అంకె అడుగుతారు, ఎదురు ప్రశ్న వేస్తే బాగుండదు. ముందు అంకె, వెంటనే కారణం, అంతటితో ఆపేయాలి. ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్లో ఎక్కించే ఈ-పంట గురించి అడిగారనుకోండి: "ఈ-పంట నమోదు ఇంత అయింది సార్, మిగిలినవి ఎక్కువగా కౌలు రైతులవి." అవతలివాళ్లు మౌనంగా ఉన్నారని మనం ఇంకో నాలుగు మాటలు కలుపుతాం చూడండి, తడబాటు అక్కడే మొదలవుతుంది.

అన్నిటికంటే కష్టమైనవి కోపంగా వచ్చే ప్రశ్నలు. "యూరియా ఎప్పుడొస్తుంది? ఎన్నిసార్లు తిరగాలి?" అని అరిచే మనిషికి పంట మీద బెంగ ఉంది, ఆ కోపం సబబైనదే. గొంతు పెంచకుండా ఆయన వైపే చూస్తూ, తెలిసినదీ తెలియనిదీ విడదీసి చెబుతాను. "సరుకు కావాలని ఇండెంట్ పెట్టాం. లోడు ఏ రోజు వస్తుందో నాకు తెలియదు. రేపు సాయంత్రానికి కనుక్కుని గ్రూపులో పెడతాను." ఇందులో దాచిందేమీ లేదు కాబట్టి గొంతు వణకదు. నోరు పెగలడం లేదన్నారు కదా, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాలన్న తాపత్రయం మీలో ఎక్కడైనా ఉందేమో ఒకసారి చూసుకోండి.

పెడతానన్న సాయంత్రం మాత్రం తప్పకుండా పెట్టండి. కబురేమీ తెలియకపోతే, ఇంకా తెలియలేదనైనా పెట్టండి. అలా చేస్తే తర్వాతి సభలో మీరు "కనుక్కుని చెబుతా"నన్నప్పుడు ఎవరూ గొడవ చేయరు.