మా ఊరి పడవ గురించి రక్షణ మంత్రిని అడగడం

మీరు అడిగింది ఇది: "మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. టీవీలో పార్లమెంటు చూస్తే అరుపులే కనిపిస్తాయి. ఎంపీలు రక్షణ మంత్రిని, రైల్వే మంత్రిని నిజంగా ప్రశ్నించగలరా? మన ప్రాంతం సంగతి అడిగించాలంటే ఏం చేయాలి?"

అడిగించవచ్చండి. మాది రాజోలు వైపు. నేను మూడేళ్లు ఢిల్లీలో ఒక ఎంపీ గారి దగ్గర పనిచేశాను. ఆయన పేరు, పార్టీ ఇక్కడ అవసరం లేదు. నా పనిలో పెద్ద భాగం ప్రశ్నలు రాయడమే. మీరు టీవీలో చూసేది అందులో చిన్న ముక్క. మిగతాదంతా కాగితాల మీద జరుగుతుంది.

నేను చేరిన మొదటి ఏడాది అంతర్వేది పల్లిపాలెం నుంచి ఒక పెద్దాయన మా ఎంపీ గారి క్యాంప్ ఆఫీసుకు వచ్చారు. వాళ్ల అల్లుడు వేటకెళ్లిన బోటు ఇంజిన్ ఆగిపోయి రెండు రాత్రులు సముద్రంలో కొట్టుకుపోయింది. ఇంట్లో వాళ్లు తెలిసిన ప్రతి నంబరుకీ ఫోన్ చేశారు. ఆ టెన్షన్‌లో ఎవరు ఎవరికి చెప్పారో కూడా వాళ్లకు గుర్తులేదు. చివరికి కాకినాడ బోటు ఒకటి వాళ్లను చూసి, తాడు కట్టి లాక్కొచ్చింది. అందరూ బతికే వచ్చారు. "బాబూ, మళ్లీ ఇలా అయితే ఎవరికి చెప్పాలి, ఎవరొస్తారు? అది కనుక్కుని చెప్పండి చాలు" అన్నారాయన.

నాకు కడుపు రగిలిపోయింది. ఆ రాత్రే ప్రశ్న రాశాను. గోదావరి జిల్లాల తీరాన్ని ప్రభుత్వం గాలికి వదిలేసిన మాట నిజమేనా, ఈ తీరంలో గస్తీ నౌకలు ఎన్ని, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి, మత్స్యకారుల ప్రాణాలకు విలువ లేదా, ఇలా సాగింది. కొన్నాళ్లకు లోక్‌సభ సచివాలయం నుంచి అది తిరస్కరించినట్టు కాగితం వచ్చింది.

ఎందుకు తిరస్కరించారో తెలుసుకోవడానికి లోక్‌సభ నియమావళిలో 41వ నియమం చదివాను. ప్రశ్నలో వాదన ఉండకూడదు, నింద ఉండకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. 150 మాటలు దాటకూడదు. కోర్టులో ఉన్న విషయం, కేంద్రానికి సంబంధం లేని విషయం, స్వభావరీత్యా రహస్యమైన విషయం అడగకూడదు. నా ప్రశ్నలో మొదటి ముక్క నింద. రెండో ముక్క, నౌకలు ఎక్కడ తిరుగుతాయన్నది, రహస్యం. మూడోది ప్రశ్నే కాదు, నా కోపం. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ కాగితం వల్ల పల్లిపాలేనికి ఒరిగేదేమీ లేదు.

నాకంటే ముందు నుంచి ఆ ఆఫీసులో ఉన్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుని మళ్లీ రాశాను. గత మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్ తీరం నుంచి కోస్ట్‌గార్డ్‌కు (సముద్రంలో కాపలా కాసే, ఆపదలో కాపాడే కేంద్ర దళానికి) ఎన్ని ఆపద పిలుపులు వచ్చాయి, ఏడాదివారీగా, ఎంతమందిని కాపాడారు, చిన్న బోట్లవాళ్లు సంప్రదించడానికి ఏ ఏర్పాటు ఉంది, ఆ ఏర్పాటు గురించి తీర గ్రామాల్లో ప్రచారం చేశారా, చేస్తే వివరాలేమిటి, చేయకపోతే కారణాలేమిటి. ఆ చివరి జంట ఉంది చూశారూ, "అయితే వివరాలేమిటి, కాకపోతే కారణాలేమిటి", అది పార్లమెంటు ప్రశ్నల్లో రోజూ కనిపిస్తుంది. చూడ్డానికి ఏదో ఆనవాయితీలా ఉంటుంది గానీ, అది లేకపోతే మంత్రి "అవును" అని ఒక్క మాట రాసి ఊరుకోవచ్చు.

రాయడం కంటే ముందు తేల్చుకోవలసింది ఇంకోటి ఉంది. ఏ శాఖను అడగాలి? ఒక్క పడవనే తీసుకోండి. కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖ కింద ఉంటుంది, కాకినాడలో వాళ్ల స్టేషన్ ఉంది. ఒడ్డుకు దగ్గరలో తిరిగే మెరైన్ పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు, వాళ్లకు బోట్లు, స్టేషన్లు ఇచ్చిన తీర భద్రతా పథకం మాత్రం కేంద్ర హోం శాఖది. 2008 ముంబై దాడుల తర్వాత సముద్ర భద్రత మొత్తానికి బాధ్యత నేవీకి అప్పగించారు. చేపల వేట రాష్ట్ర జాబితాలో ఉంది, కానీ 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు దాటితే కేంద్ర జాబితాలోకి పోతుంది. తుఫాను హెచ్చరిక భూవిజ్ఞాన శాఖ పని. వేరే దేశం పట్టుకుంటే విదేశాంగ శాఖ. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు, అది విదేశాంగ శాఖ ద్వారా నడిచిన వ్యవహారం. డీజిల్ రాయితీ సంగతి రక్షణ మంత్రిని అడిగితే ఒక్క ముక్కలో "ఇది మా శాఖది కాదు" అంటారు, మీకు ఒక సమావేశం వృథా అవుతుంది.

మా రెండో ప్రశ్న అంగీకరించారు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నగా వచ్చింది. ఆ తేడా చెప్పాలి. నక్షత్ర గుర్తు ఉంటే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు, తర్వాత స్పీకర్ పిలిస్తే ఇతర సభ్యులూ వేయవచ్చు. లోక్‌సభలో రోజుకి అలాంటివి 20 మాత్రమే, లాటరీలో తేలుతాయి. నక్షత్రం లేనివి రోజుకి 230 దాకా తీసుకుంటారు, వాటికి రాతపూర్వకంగానే జవాబు. మంత్రి చదివే మొదటి జవాబు అధికారులు రాసి ఇచ్చినది. అనుబంధ ప్రశ్న ఎటు నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. అప్పుడు తెలుస్తుంది ఆ మంత్రికి శాఖ మీద పట్టు ఎంతో. నేను గ్యాలరీలో కూర్చుని చూశాను, అధికారుల గ్యాలరీలో వాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. జవాబు తప్పని తర్వాత తేలితే మంత్రి సభలోనే సవరణ ప్రకటన చేయాలి. ప్రశ్నలకు కేటాయించిన ఆ గంట అరుపుల్లో కొట్టుకుపోయినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది. వరుసలో మొదటి నాలుగైదు ప్రశ్నలకే సాధారణంగా సమయం దొరుకుతుంది. సభ వాయిదా పడితే అదీ పోతుంది.

మా జవాబు వచ్చింది. సంఖ్యలు ఏడాదివారీగా ఇచ్చారు. ఆపదలో చేయాల్సిన కోస్ట్‌గార్డ్ టోల్‌ఫ్రీ నంబరు 1554 అని ఉంది. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ గురించి, అంటే ఆపదలో ఉన్న బోటు నుంచి ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పరికరం గురించి ఉంది. ప్రచారం సంగతికి మాత్రం "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని రాశారు.

మామూలుగా చదివేవాళ్లకు అది తప్పించుకునే మాటలా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ వాక్యం రాశారంటే మంత్రి హామీ ఇచ్చినట్టు లెక్క. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి 1953 నుంచి ఉంది. ఇలాంటి మాటలన్నీ ఏరి రాసుకుని, మూడు నెలల్లో నెరవేర్చాలని శాఖల వెంటపడుతుంది. గడువు కావాలంటే శాఖే కారణం చెప్పి అడుక్కోవాలి. మేం ఆ జవాబు సంగతి డైరీలో రాసుకుని గడువు దాటగానే మళ్లీ ఉత్తరం రాశాం. తర్వాతి సమావేశాల్లో మిగతా వివరం వచ్చింది. జవాబు కాగితం తీసుకెళ్లి పల్లిపాలెం పెద్దాయనకి ఇచ్చాను. "ఆయ్, నంబరు పెద్దక్షరాలతో రాసిపెట్టండి బాబూ" అన్నారు. ఇప్పుడు వాళ్ల బోటు క్యాబిన్‌లో పెయింటుతో 1554 రాసి ఉంటుంది.

రక్షణ శాఖ అనగానే అంతా రహస్యం, ఏమీ చెప్పరు అనుకుంటారు చాలామంది. సైన్యం ఎక్కడుంది, ఏ ఆయుధం ఎన్ని ఉన్నాయి, ఇవి చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ డబ్బు, భూమి, ఉద్యోగాలు, పింఛన్లు, వైద్యం, ఆలస్యం, వీటి మీద అడిగితే చెప్పాల్సిందే. రక్షణ శాఖ పనిని పరిశీలించే పార్లమెంటు కమిటీ ఒకటి ఉంది, స్థాయీ సంఘం అంటారు. అందులో 31 మంది ఎంపీలు ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులకు అందులో చోటు లేదు. టీవీ కెమెరాలు లేని ఆ గదిలో అధికారులను కూర్చోబెట్టి బడ్జెట్ పద్దులు అడుగుతారు. సభలో కంటే అక్కడే ప్రశ్నలు సూటిగా ఉంటాయని నా నమ్మకం. మనవైపు వాళ్లు రక్షణ శాఖలో జవాబులు చెప్పే స్థానంలోనూ కూర్చున్నారు. కాకినాడ ఎంపీ పల్లంరాజు గారు 2006 నుంచి 2012 దాకా రక్షణ శాఖ సహాయ మంత్రిగా ఉన్నారు.

మా మేనమామది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. ఇంటింటికీ ఒక సైనికుడు ఉన్న ఊరు. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకి ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను ఇవ్వాలని మామయ్య వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. ఎంపీలు ప్రశ్నలు వేసినప్పుడల్లా అమలులో ఇబ్బందులున్నాయనే జవాబు వచ్చేది. ఆ విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి చేరింది. భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన ఆ కమిటీ 2011 డిసెంబరులో, అలా ఒకే పింఛను ఇవ్వాల్సిందేనని నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వు 2015 నవంబరులో వచ్చింది, 2014 జులై 1 నుంచి వర్తించేలా. ఆ తర్వాతా పేచీలు ఉన్నాయి, అది వేరే కథ. పిటిషన్ అనేది మామూలు పౌరుడు కూడా పార్లమెంటుకు పెట్టుకోవచ్చు, అందుకే ఇది చెబుతున్నాను. దాన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

ఇక రైలు. కోటిపల్లి–నరసాపురం లైను 2000–01లో మంజూరైంది. అప్పుడు లోక్‌సభ స్పీకర్ మన అమలాపురం ఎంపీ బాలయోగి గారే. 2002 మార్చిలో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ట, గోదావరి మూడు పాయల మీద వంతెనలు కట్టాలి. ఖర్చులో 25 శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నది ఒప్పందం. అందుకే ఢిల్లీలో రైల్వే మంత్రిని "ఎందుకు ఆలస్యం" అని అడిగితే రాష్ట్ర వాటా వైపు చూపిస్తారు. ఒక ఏడాది మేం ఒక పని చేశాం. లోక్‌సభలో, ఇన్నేళ్లలో రాష్ట్రం ఎంత జమ చేసింది, ఏ తేదీన, ఇంకా ఎంత బాకీ అని అడిగాం. మా ప్రాంత ఎమ్మెల్యే గారి ద్వారా అసెంబ్లీలో రాష్ట్ర మంత్రినీ అవే అంకెలు అడిగించాం. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఆగిందో ఎవరికైనా అర్థమవుతుంది. ఎమ్మెల్యే కేంద్ర మంత్రిని అడగలేరు, ఎంపీ రాష్ట్ర మంత్రిని అడగలేరు. ఇద్దరూ కలిసి అడిగితే తప్పించుకునే దారి ఉండదు. పార్టీలు వేరైనా ఇది చేయించవచ్చు, మేం చేయించాం.

జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో, మన ఎంపీ మాట్లాడారని వాట్సాప్‌లో వీడియో వస్తే సంతోషించండి, తప్పులేదు. కానీ జీరో అవర్‌లో లేవనెత్తినదానికి మంత్రి అక్కడికక్కడే జవాబు ఇవ్వాల్సిన పని లేదు. 377వ నియమం కింద లేవనెత్తితే నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు పంపాలి. మీ ఎంపీ ఆఫీసులో ఏది చేశారని అడగండి. పాత ప్రశ్నలు, జవాబులు సంసద్ వెబ్‌సైటులో అందరూ చూడొచ్చు. మీ విషయం ఇంతకుముందే అడిగి ఉంటే ఆ జవాబు పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే అదే ప్రశ్న మళ్లీ వేస్తే ఒప్పుకోరు.

మీ కాగితం ఒక పేజీ దాటనివ్వకండి. ఊరి పేరు, తేదీలు, ఇంతకుముందు పెట్టిన అర్జీల నకళ్లు, కావాల్సిన అంకె ఏదో స్పష్టంగా. ప్రశ్న నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. శాఖలకు రోజులు కేటాయించి ఉంటాయి కాబట్టి మీ శాఖ రోజు తప్పితే మళ్లీ వారం ఆగాలి. వర్షాకాల సమావేశాలు సాధారణంగా జులైలో మొదలవుతాయి, అంటే మీ కాగితం జూన్ మొదటి వారానికి ఎంపీ గారి ఆఫీసులో, ప్రశ్నలు రాసే మనిషి చేతికి అందాలి. మీ ఊరి సంగతి ఏమిటో నాకు రాయండి, ప్రశ్న రూపంలో పెట్టి ఇస్తాను.