పేగు జబ్బు రాశాను, దగ్గు దాచావంటున్నారు!

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా నాకు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు). నాలుగేళ్ల కిందట ఆరోగ్య బీమా తీసుకుంటూ ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో రాశాను. పాత జబ్బులకు బీమా వర్తించని మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ కూడా దాటింది. నిరుడు పట్టుకున్న దగ్గు, కళ్లె ఎంతకీ తగ్గకపోతే స్కాన్ తీసి బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు వెడల్పయ్యే జబ్బు) అన్నారు. పేగు జబ్బు వల్లే అంటున్నారు డాక్టరు. ‘ఊపిరితిత్తుల వ్యాధిని దాచారు’ అంటూ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. నా కేసు నిలుస్తుందా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి నిలుస్తుంది. పాలసీ తీసుకున్న నాటికి లేని జబ్బును దాచడం ఎలా కుదురుతుంది? దాచారని రుజువు చేయాల్సింది కంపెనీయే. 2024 ఏప్రిల్‌లో ఒక జీవిత బీమా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

ఇక డాక్టరు గారి మాట. కొలైటిస్ ఉన్నవాళ్లకు శ్వాసనాళాలు వాచి, వెడల్పై, కళ్లె పేరుకుపోవడం వైద్యులకు తెలిసిన విషయమే. పెద్దపేగు తీసేసిన తర్వాత కూడా ఇది మొదలైన రోగులున్నారు. కాబట్టి ‘మీ పేగు బాగానే ఉంది కదా’ అని కంపెనీ అన్నా జంకకండి. కొలైటిస్‌కు వాడే మెసాలమైన్ వంటి మందులవల్ల కూడా అరుదుగా ఊపిరితిత్తులు వాస్తాయి. మీ విషయంలో కారణం ఏదో డాక్టరుతో స్పష్టంగా రాయించుకోండి.

ఇదే క్లెయిమ్ రెండో ఏట వచ్చుంటే పేగు జబ్బే కారణమన్న డాక్టరు ఉత్తరమే మీకు ఎదురు తిరిగేది. పాత జబ్బుతోపాటు దాని ‘ప్రత్యక్ష దుష్ఫలితాల’కూ వెయిటింగ్ వర్తిస్తుందని పాలసీలో ఉంటుంది. మీకు ఆ గడువు దాటింది కనుక ఇప్పుడు భయం లేదు.

మరి ‘దాచారు’ అన్న మాట కంపెనీకి ఎక్కడ దొరికింది? నా అనుమానమల్లా ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీ మీదే. అర్ధరాత్రి జూనియర్ డాక్టరు ‘ఎన్నాళ్లనుంచి?’ అని అడుగుతాడు, పక్కనున్న బావమరిది ‘ఎప్పట్నుంచో అండీ’ అంటాడు. అది కాగితంమీద ‘అయిదేళ్లుగా దగ్గు’ అయి కూర్చుంటుంది. అలాంటి వాక్యముంటే, ఆధారమేమిటో చెప్పమని, తప్పయితే సరిదిద్దమని ఆసుపత్రికి రాతపూర్వకంగా అడగండి.

ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెలలో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, మాబోటి వకీళ్లకు అక్కడ ప్రవేశమూ లేదు. లేదంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అక్కడ కేసు నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఒకటి వెతకండి. కొలైటిస్‌కు బయోలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు) మొదలుపెట్టే ముందు క్షయ ఉందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాలసీకి ముందు అలా తీసిన ఫిల్మో, రిపోర్టో బీరువాలో ఉండి, అందులో ఊపిరితిత్తులు శుభ్రంగా కనబడితే ఫిర్యాదుకు మొదటి కాగితంగా దాన్నే జత చేయండి.