మేనకోడలికి: ముప్పై ఏళ్ల పుస్తకం తెరిచే ముందు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

కళ్యాణదుర్గం దగ్గర ఎర్ర గరప నేలల్లో పరిశీలన మడులు ఎంచుకుంటున్నావని, అక్కడి మట్టినీ, వాననూ, చెట్లనూ ముప్పై ఏళ్లు కొలవాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. నేను కష్టపడి నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

మొదట చోటు. నేను ఇనుప మేకులు పాతి, పైన ఎర్ర రంగు పూశాను. రెండో వానాకాలానికి ఒక్కటీ మిగల్లేదు. కొన్ని ట్రాక్టరు గొర్రుకు, కొన్ని పాత ఇనుప సామాను బండికి పోయాయి. నువ్వు నాగలికి అందనంత లోతున రాళ్లు పూడ్చు. కదలని గుండు నుంచి, బావి గట్టు నుంచి టేపుతో దూరం కొలిచి రాసుకో. ఫోను చూపే స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ తేలుతుంది. ఊరు, సర్వే నంబరు తప్పక ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, పాత పుస్తకాల్లో ఉత్త ‘అనంతపురం జిల్లా’ అని ఉన్న చోట్లు కొన్ని శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి.

ఇక మట్టి తీసే లోతు. దీని దగ్గర నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. ఒక ఏడాది మా మడుల్లో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ ఎరువూ మట్టిలో మిగిల్చే కర్బనం, ఉన్నట్టుండి పెరిగింది. మరుసటి ఏడూ అంతే. ఎండిన నేలలో ఆగర్ (తిప్పి మట్టి తీసే బర్మా) దిగక, కొత్తగా చేరిన కుర్రవాడు పదిహేను సెంటీమీటర్లకు బదులు పది దగ్గరే ఆపేస్తున్నాడని తర్వాత తెలిసింది. కర్బనం పైమట్టిలోనే ఎక్కువ కాబట్టి అంకె పెరిగింది, నేల మారలేదు. పక్కన నిలబడి చూడని తప్పు నాది. ఆగర్ మీద గీత గీయించు. ఏటా ఒకే కాలంలో మట్టి తియ్యి. దున్నిన నేల గుల్లగా, తొక్కిన నేల గట్టిగా ఉంటుంది కనుక, పరిమాణం తెలిసిన ఉక్కు గొట్టంతో కొంత మట్టి తీసి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచు. ఆ బరువు లేకపోతే ఎకరాకు ఎంత కర్బనం ఉందో చెప్పలేవు.

మన గరప నేలల్లో కర్బనం చాలాచోట్ల అర శాతం కూడా ఉండదు. బంకమట్టి తక్కువ, ఎండ ఎక్కువ, కాబట్టి కుళ్లినది నిలవదు. ఒక ఏడాది మార్పు కంటే ప్రయోగశాల పొరపాటే పెద్దది కావచ్చు. పదేళ్లు గడవకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. రసాయనాలతో కర్బనాన్ని కొలిచే వాక్లీ–బ్లాక్ పద్ధతి నుంచి మట్టిని కాల్చి చూసే యంత్రానికి మారే రోజు వస్తుంది. మొదటిది కర్బనాన్ని పూర్తిగా పట్టదు, 77 శాతం పడుతుందనుకుని లెక్క కడతారు. అందుకే కొన్నేళ్లు ఒకే నమూనాను రెండు పద్ధతుల్లోనూ పరీక్షించు. ప్రతి నమూనాలో కొంత నీడన ఆరబెట్టి, జల్లించి, గాజు సీసాలో దాచు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో మొదలైన గోధుమ మడిలో పందొమ్మిదో శతాబ్దంలో తీసిన మట్టి నేటికీ భద్రంగా ఉంది. అప్పటికి పుట్టని పరీక్షలు ఇప్పుడు దాని మీద చేస్తున్నారు.

రైతుతో మాట్లాడుతూ ఉండు. వేరుశనగ తీసేసి చీనీ (బత్తాయి) పెట్టినా, ఒక్క రాత్రి గొర్రెల మందను నిలిపినా మట్టి పరీక్ష మారిపోతుంది. అది రాయకపోతే ఆ మార్పును వాతావరణానికి అంటగడతావు.

వాన ఉదయం ఎనిమిదిన్నరకే కొలువు. పడని రోజు సున్నా వెయ్యి, చూడని రోజు గీత గియ్యి. ఈ రెండూ కలిసిపోతే పుస్తకం పనికిరాదు. జిల్లా సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ మొత్తం ముప్పై వానల్లో పడటం వేరు, ఎనిమిది కుంభవృష్టుల్లో పడి పైమట్టిని వంకలోకి తీసుకుపోవడం వేరు. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళ ఎన్ని రోజులు చినుకు లేదో కూడా రాయి. పెద్దవాళ్లు కార్తెలతో చెప్పే జ్ఞాపకాలను కొట్టెయ్యకు. కార్తెలు సూర్యుని నడకను బట్టి వస్తాయి, మృగశిర ఏటా జూన్ ఏడెనిమిది తేదీల దగ్గరే. ‘ఆరుద్రలో విత్తాం’ అన్న మాటను తేదీగా మార్చుకోవచ్చు.

చెట్లకు వస్తే, వేపలూ చింతలూ పదేసి ఎంచి, అల్యూమినియం బిళ్లల మీద నంబర్లు చెక్కి కట్టు. వారంలో ఒకే రోజున చూడు. ‘పూత వచ్చింది’ అంటే మొదటి పువ్వా, సగం కొమ్మలా అన్నది మొదటి పేజీలోనే రాసి పెట్టు. నీ తర్వాత వచ్చేవాళ్లు నిన్ను అడగలేరు.

ఈసారి అనంతపురం వచ్చినప్పుడు అటక మీది సీసాలు తీసుకువెళ్లు. పది సెంటీమీటర్ల దగ్గర ఆగిన ఆ రెండేళ్ల మట్టి కూడా వాటిలో ఉంది. పారేయలేదు, జరిగిన తప్పు చీటీ మీద రాసి అతికించాను.

మీ మామయ్య